ఏడో నంబరు చాకు

మూడింటి పేరూ ఒకటే, ఏడో నంబరు.
వంటగట్టు మీద వరసగా పడుకోబెట్టాను.
కిటికీ అవతల గ్రిఫిత్ ఊరి మీద మార్చి ఎండ
ఇంకా దిగనంది.
తోటలకి కాలవ వదిలిన చప్పుడు.

మొదటిది దోరియానోది.
నలభై ఏళ్ళు నారింజకి అంటు కట్టిన చెయ్యి
వణకడం మొదలెట్టాక నాకిచ్చాడు.
ఇచ్చాడంటే ఒప్పుకోడు, అమ్మాడు.
"కత్తి ఊరికే ఇస్తే స్నేహం తెగుతుంది.
అయిదు సెంట్లు తియ్యి."
ఉప్పు చేతికందించని ఇంట్లో పెరిగినదాన్ని,
మారుమాట లేకుండా తీశాను.

దాని అలుగు నలుపు కాదు,
నేరేడుపండు తిన్న నాలిక రంగు,
పులుపు తాగీ తాగీ వచ్చింది.
సాన పెట్టీ పెట్టీ వెడల్పు సగమైంది.
మడిస్తే పిడిలో
అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా వదులు.
తెరిస్తే టక్కుమనదు,
గొంతు సవరించుకుంటుంది.
ఎముక పిడి మీద బొటనవేలు ఆనే గుంట.
ఆరేళ్ళయినా అది నా వేలిది కాలేదు.

రెండోది రైతుల సహకార దుకాణంలో కొన్నది.
పసుపు ప్లాస్టిక్ పిడి, తుప్పెరగని ఉక్కు,
తెరిస్తే బాల్‌పెన్ను నొక్కిన చప్పుడు.
దాన్ని ఎన్ని మాటలన్నానో!
దీంతో వెన్న కొయ్యాలి, కొమ్మ కాదన్నాను.
పోతే పోనీ అని బురదలో దాన్నే దింపాను,
ఎరువు బస్తాలు చీల్చాను,
బూటు అడుగున ఇరుక్కున్న రాయి తీశాను.
దాని మానాన అది పనిచేసింది.

మూడోది, కంపెనీవాళ్ళు కిందటేడు
"పాతదే, మళ్ళీ" అంటూ తెచ్చింది.
అట్టపెట్టె, పెట్టెలో గుడ్డ, గుడ్డలో చాకు,
చాకు వంశచరిత్ర ఓ చిన్న పుస్తకం.
నా మూడు రోజుల కూలి.
వాల్‌నట్ పిడి, ఇత్తడి మేకులు,
మూస్తే ఖరీదైన కారు తలుపు పడ్డట్టు పడుతుంది.
తప్పు పట్టడానికి గంటసేపు వెతికాను.
దొరికింది:
గోరు పెట్టి తెరిచే గాడికి లోతు చాలదు.
అంటు కట్టేవాళ్ళకి గోళ్ళుంటాయా?
పుస్తకం రాసినవాడికి ఉంటాయేమో.

మాటలతో తేలదని
మర్నాడు నూట యాభై మొక్కలు తీసుకున్నాను,
చాకుకి యాభై.
బెరడు మీద నిలువు గీత, అడ్డ గీత,
అంచు విప్పి, కన్ను దింపి, పట్టీ చుట్టాను.
ఎరుపు దోరియానోదానికి,
పసుపు పసుపుదానికి, తెలుపు కొత్తదానికి.
చలికాలమంతా
నా కాళ్ళు ఎర్ర పట్టీల వరసలోనే నడిచాయి.
నీళ్ళు మాత్రం, ఒట్టు, సమానంగానే పెట్టాను.

సెప్టెంబరులో కట్లు విప్పి చూస్తే
బతికిన కళ్ళు
ఎరుపు, నలభై ఒకటి.
తెలుపు, నలభై మూడు.
పసుపు, నలభై ఏడు.

మళ్ళీ లెక్కపెట్టాను.
నలభై ఏడే.

చాకుకో సాకు దొరక్కపోదు.
ఎర్రవి సాయంత్రం కట్టాను, అలిసిన చెయ్యి.
పసుపువి పొద్దున్నే, బెరడు మెత్తగా ఊడే వేళ.
అబద్ధమూ కాదు.
ఇష్టమైనదాన్ని ఆఖరికి దాచుకోవడం నా అలవాటు,
కంచంలో అప్పడంలాగా.
అప్పటికి అది మెత్తబడిపోతుందని
చిన్నప్పుడే తెలిసి ఉండాల్సింది.

వరండాలో కూర్చుని దోరియానోకి అంతా చెప్పాను.
నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"పనికి నాదీ పసుపుదే, చివరి పదేళ్ళూ.
అది పండు ఒలుచుకోడానికి.
ఆ గుంటా నాది కాదు, మా మావగారిది.
నా వేలికీ ఎప్పుడూ కుదరలేదు.
కావాలంటే అయిదు సెంట్లు వెనక్కిస్తాను."

వద్దన్నాను.

ఇప్పుడు కుడి జేబులో పసుపుది.
మూడోది పెట్టెలోనే ఉంది,
తన పుస్తకం తను చదువుకుంటూ.
మధ్యాహ్నం కాలవగట్టు మీద కూర్చుని
ఎడమ జేబులోంచి పాతది తీస్తాను,
గుంట పక్కన వేలు ఆనించి నారింజ ఒలుస్తాను.
తొనకి కాస్త ఇనుము వాసన పడుతుంది.
పడనీ.