మాస్కింగ్ టేపు మీద లజార్

షెటికాంప్ దాటాక గాలికి పేరుంటుంది.
సుయెట్ అంటారు మావాళ్ళు,
కొండ మీంచి సముద్రంలోకి దూకే గాలి.
చుట్టంలా కబురుపెట్టి రాదు, అప్పులవాడిలా వస్తుంది:
ముందు తలుపు కొడుతుంది,
తర్వాత తలుపే పట్టుకుపోతుంది.

మూడింటికే రేడియోలో చెప్పారు.
అక్క వినలేదు, ఉప్పుచేప వేయిస్తోంది.
"లజార్ ఈపాటికి అన్నీ కట్టేసుండేవాడు" అంది.
తమ్ముడు పోయి పదినెలలు.
ఎర్మెలిన్ ఇప్పటికీ వాడికే పనులు పురమాయిస్తుంది.

ట్రైలర్ వాడిది. పదహారడుగులు.
రెండు పడకలు, ఒక పొయ్యి,
నిలబడితే నా నెత్తికీ కప్పుకీ మధ్య
రొట్టెముక్క పట్టేంత సందు.
ముప్పయ్యేళ్ళు లాబ్‌స్టర్ పడవ నడిపినవాడు
తన జ్ఞాపకశక్తిని అణాపైసంత నమ్మలేదు.
ఎక్కడ పడితే అక్కడ మాస్కింగ్ టేపు అంటించి
పెన్సిల్‌తో రాసిపెట్టాడు.

సింకు పైన:
"గాలొస్తే నీళ్ళట్యాంకు నిండా పట్టు. బరువే బతికిస్తుంది."
కిటికీ కింద:
"ముక్కు గాలికి పెట్టు. పక్క చూపించకు."
తలుపు దగ్గర:
"ముందు చాందినీ మడువు. తర్వాత ఏడువు."

మడవబోయాం. సగంలో హ్యాండిల్ బిగుసుకుంది.
గుడ్డ తెరచాపలా ఉబ్బింది,
నేను దాని కొసన వేలాడుతున్నాను,
అరవయ్యొక్కేళ్ళ మనిషిని, ఒంటికాలి చెప్పుతో.
అవతలి ట్రైలర్లోంచి ప్లసీడ్ ముసలాయన
ఏమీ అడక్కుండా వచ్చాడు,
హ్యాండిల్ మీద ఒక్క గుద్దు గుద్దాడు,
రెండు పాత లాబ్‌స్టర్ బోనుల్లో రాళ్ళు నింపి
చక్రాల పక్కన తాళ్ళతో బిగించాడు.
ఆ ముడి చూసి అక్క మొహం తిప్పేసుకుంది.
మా ఇంట్లో ఆ ముడి వేసేది ఒక్కడే.

క్యాంపు యజమానురాలు టార్చి ఊపుతూ అరిచింది,
అందరూ స్నానాలగదుల సిమెంటు బిల్డింగులోకి రండని.
"చేప సగం వేగింది" అంది ఎర్మెలిన్.

రాత్రి.
వాన కిందికి పడటం మానేసి అడ్డంగా నడిచింది.
జాకీల మీద ఇల్లు వణికింది.
అలమారలో కప్పులు ఒకదానికొకటి
ఏదో చెప్పుకుంటూనే ఉన్నాయి, పళ్ళు కొరుకుతున్నట్టు.
పేకాడాం. అక్క దొంగాట ఆడింది,
నేను చూశాను, చూడనట్టు ఆడాను.
భయపడ్డ మనిషి గెలవాలి గదా ఒక్కటైనా.

పదకొండు దాటాక దిండు మీద టప్.
మళ్ళీ టప్.
గిన్నె పెట్టాను. గిన్నెలో మోత ఇంకా ఎక్కువ,
అందులో సాక్సు వేశాను.
ఎక్కడ్నుంచి కారుతోందో చూద్దామని
పై అలమార తెరిచి, దుప్పట్లు లాగి,
మూలకి టార్చి కొట్టాను.

టేపు. చెమ్మకి అంచులు లేచిపోయి,
పెన్సిల్ గీతలు మాత్రం చెక్కుచెదరకుండా:
"ఇక్కడ కారుతుంది. నాకు తెలుసు.
వేసవిలో చూద్దాం."

అక్కకి చదివి వినిపించాను.
ముందు నమ్మలేదు. కళ్ళజోడు పెట్టుకుని
తనే తల దూర్చి చదువుకుంది.
నవ్వింది.
శవపేటిక దగ్గర ఏడవని మనిషి
కప్పు కింద, తడి దుప్పట్ల మధ్య,
పొట్ట పట్టుకుని నవ్వింది, ఎక్కిళ్ళొచ్చేదాకా,
"సోమరివెధవ, సోమరివెధవ" అంటూ.
బయట ఏదో ఎగిరిపోయి దేనికో కొట్టుకుంది.
మేం పట్టించుకోలేదు.

తెల్లారి సముద్రం ఏమీ ఎరగనట్టుంది.
ఎవరిదో చాందినీ స్ప్రూస్ చెట్ల మీద ఆరుతోంది.
ప్లసీడ్ తన తాళ్ళు తను విప్పుకుంటుంటే
అక్క వెళ్ళి చల్లారిన చేప ఇచ్చొచ్చింది,
ఆ ముడి ఎక్కడ నేర్చుకున్నావని అడగలేదు.

కో-ఆప్ దుకాణంలో సీలెంట్ ట్యూబు కొన్నాను,
ఎనిమిది డాలర్లు.
ఇవాళ్టికి మూడు వారాలు.
ఎర్మెలిన్ మూత తియ్యనివ్వడం లేదు.
వేసవి రానీ, అంటుంది.