బండ కింద వాల్వు

ఆ పిల్ల పేరు తస్లీమ్.
ఆదోని నుంచి వచ్చినాది, మూడు కాళ్ల కెమెరాతో.
కర్నూలు పెద్దాసుపత్రి వరండాలో దాన్ని నిలబెట్టి
"పక్కకు జరగన్నా, నువ్వు కూడా బిల్డింగులో కలిసిపోతావు" అన్నాది.
నవ్వినాను. కలిసిపోయి ఇరవై రెండేండ్లాయ,
పంపు రూములో, కంట్రాక్టు మీద.

పాత ప్లాన్లు లేవా అని అడిగినాది.
ఉండె. స్టోరు రూములో, రేకు పెట్టెలో, చుట్టలు చుట్టలు.
తుంగభద్ర లోపలికొచ్చిన ఏడు
మూడు దినాలు నీళ్లల్లో నానినాయి.
చేత్తో తీస్తే అంబలి.
నీలి గీతలన్నీ ఏటిలో కలిసిపాయ.
గోడ మీద మాత్రం ఏరు తన గీత గీసిపోయినాది,
నా భుజం ఎత్తున, బురద రంగులో.
ఎన్ని సున్నాలు ఏసినా మళ్లీ పైకి తేలతాది.

నెల దినాలు తిరిగినాం.
టాబ్లెట్ పట్టుకోని ఆమె ముందర,
బీగాల గుత్తితో నేను వెనక.
తెర మీద ఆసుపత్రి లేచి నిలబడె, గోడలన్నీ గాజువి.
మంచినీళ్ల పైపు నీలం, మురుగుది గోధుమరంగు, కరెంటు ఎరుపు.
వేలు పెడితే మోటరు తన పుట్టిన తేదీ చెప్తాది,
గ్రీజు ఎప్పుడు పెట్టినారో, గ్యారంటీ ఎప్పుడు తీరిందో.
నా కొలువుకు గ్యారంటీ ఎంతో
ఏడ ముట్టుకుంటే చెప్తాదో తెలీలే.

"ప్రతి వస్తువుకూ ఒక ఫ్యామిలీ ఉండాలన్నా" అన్నాది
ఉగ్గాని పొట్లం విప్పుతా.
తలుపులదొక ఫ్యామిలీ, కొళాయిలదొకటి, దీపాలదొకటి.
ఫ్యామిలీ లేని దాన్ని లోపలికి రానీదంట కంప్యూటరు.
మరి గోడ మీది ఏటి గీత? అన్నాను.
బజ్జి కొరుకుతా శానాసేపు ఆలోచన చేసినాది.

అన్నీ చెప్పినాను ఆ పిల్లకు.
కాన్పుల వార్డు గోడలో పైపు యాడ వంకర పోతాదో,
ఏ స్విచ్చి మీద పేరు అబద్ధమో,
మిద్దె మీద ఏ ట్యాంకు మూత తీసేది కోతులకు తెలుసో.
ఒకటి చెప్పలే.
డయాలసిస్ వార్డు ముందర, మెట్ల కింద
బేతంచెర్ల బండ ఒకటుంది.
తడితే మిగతావి రాయి మాదిరి పలుకుతాయి,
అది కుండ మాదిరి.
దాని కింద పెద్ద వాల్వు.
లేజరు ఆ బండ మీద పడి, బండనే రాసుకోని పాయ.
నోట్లో వక్క పెట్టుకోని చూస్తా నిలబడినాను.
అన్నీ ఇచ్చేస్తే రేపు కంట్రాక్టరుకు నేనెందుకు?
ఒక్క బీగమన్నా మొలతాడుకు కట్టుకోవాల గదా.

జ్వరమొచ్చి కల్లూరులో పండుకోనుంటే
రాత్రి పదిన్నరకు ఫోను. సుంకన్న, కొత్త పిల్లోడు.
"మద్దిలేటన్నా, మెట్ల కాడ పైపు పగిలె.
నీళ్లు డయాలసిస్ తట్టు పోతాండాయి.
తెరలో ఉండే వాల్వులన్నీ తిప్పినా, నిలబడలే.
ఇంగేమన్నా ఉందా?"
వాని వెనకాల నీళ్ల సద్దు.
ఆ వార్డులో నలుగురి రక్తం
ఒంట్లోనుంచి బయటకొచ్చి పైపుల్లో తిరుగుతాండె ఆ పొద్దు.

"బండలు తట్టుకుంటా పోరా" అన్నాను.
"కుండ మాదిరి పలికేదాన్ని లేపు."
చెవి ఒత్తిపెట్టి విన్నాను.
ఠక్. ఠక్.
ఠక్.
బొంయ్.

తెల్లారి జ్వరంతోనే ఆటో ఎక్కినాను.
తస్లీమ్ ఏమీ అనలే. కుర్చీ జరిపినాది.
మెట్ల కింద బండను గాజు చేసి,
లోపల ఎర్ర చుక్క పెట్టి, నెంబరు ఏసినాది.
"సైజు?" ఆరంగుళాలు.
"కంపెనీ?" తుప్పు తినేసె.
"ఇంగేమన్నా రాయాల్నా?"
రాయి తల్లీ. ఇది అన్నిట్లా కాదు, ఎడమకు తిప్పితే మూసుకుంటాది.
ఒకటిన్నర సుట్టు తిప్పి ఆగాల.
దగ్గుతాది, బెదరొద్దు.
దగ్గు నిలిచినాకనే మిగతాది.
అట్లనే రాసినాది, దగ్గుతాదనేది కూడా.

కంట్రాక్టు మార్చిలో తీరతాది. చూడాల.
నిన్న పంపు రూము తెరిచి చూసినా, తెరలో.
గోడ మీద నా భుజం ఎత్తున సన్న గీత,
మోటర్లు దీనికి పైనే పెట్టాల అని పక్కన మాట.
ఫ్యామిలీ అనే గడిలో
తుంగభద్ర అని ఉండాది.