పచ్చ లైటు

స్టోన్‌హౌస్‌పేటలో రైస్ మిల్లు వెనక గోడకి
నా గది గోడ ఆనుకుని ఉంటుంది.
బియ్యం వాళ్ళకి, ఊక దుమ్ము నాకు,
ఎలుకలు ఇద్దరికీ.

చీర కొంగు కొరికితే ఊరుకున్నా.
సబ్బు తింటే నవ్వుకున్నా.
సంచి కొరికి, సంచిలో ఫైలు కొరికి,
తాసిల్దారాఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగి తెచ్చుకున్న
కులం కాగితం కొట్టేసిన రోజు మాత్రం
ట్రంకురోడ్డుకి పోయి పెట్టె కొన్నా.

పద్దెనిమిది వందల యాభై.
నల్లటి సొరంగం, అడుగున రెండు ఇనప రేకులు,
వీపులో నాలుగు లావు బ్యాటరీలు.
లోపలికొచ్చి రెండు రేకుల మీదా కాళ్ళు పెడితే చాలు,
అరుపుండదు, నెత్తురుండదు, మనం చూడనక్కర్లేదు.
పనైపోయిందని పచ్చ లైటు మినుకుమంటుంది.
కాగితంలో ఆరు భాషల్లో రాసుంది.
తెలుగు లేదు. బొమ్మలున్నాయి.
బొమ్మలో ఎలుకకి కళ్ళ చోట రెండు ఇంటూ గుర్తులు.

ఎరకి ఎండు నెత్తళ్ళు పెట్టా.
మొదటి రాత్రి ఒకటి. మూడో రాత్రి ఇంకోటి.
పొద్దున్నే పెట్టె వంచి కవర్లోకి జార్చి
మూతి ముడేసి మునిసిపాలిటీ బండి కోసం గుమ్మం పక్కన పెడితే
ఇంటామె జరీనమ్మ
"నాకూ ఒక రాత్రికియ్యి" అంది.

మా నాయన పోలయ్య
విడవలూరు చేలల్లో ఎలుకలు పట్టేవాడు.
కుండకి అడుగున బెజ్జం, లోపల గడ్డి పొగ,
కలుగు మూతికి కుండ బోర్లించి
ఊది ఊది
సాయంత్రానికి కళ్ళు చింతనిప్పులు.
రైతు ఇంతని ఇస్తే పుచ్చుకునేవాడు,
ఇయ్యకపోతే కలుగు తవ్వుకునేవాడు.
అందులో ఎలుక దాచుకున్న వడ్లు,
సోలెడు, ఒక్కోసారి మానెడు,
కంకులు కంకులుగానే, ఎవరో కోసి పేర్చినట్టు.
అమ్మ దంచి వండేది.
నేను బడికి పోయింది ఆ అన్నం తిని.
మా ఇల్లు ఎలుకకి బాకీ.

అందుకే పెట్టె సంగతి ఆయనకి చెప్పలేదు.

పోయిన ఆదివారం కంటి ఆపరేషనుకని వచ్చాడు.
పెట్టెని పాత లంగా కప్పి స్టవ్ బల్ల కిందకి తోశా.
రాత్రి మిల్లు ఆగిపోయింది, కరెంటు కోత.
లేకపోతే ఆ చిన్న చప్పుడు వినపడేదే కాదు.
లంగా గుడ్డలోంచి పచ్చగా
వెలుగుతా ఆరతా.
"అదేందిమ్మే?"

చెప్పా.
వంగొద్దన్నారు డాక్టరు. వంగాడు.
పెట్టెని నాలుగు పక్కలా తడిమి
"పొగెట్టా పోద్ది దీంట్లోకి?"
కరెంటు నాయనా అన్నా.
"కరెంటుకి కలుగు యాడుందో తెలుసునా?"
నా దగ్గర జవాబు లేదు.
ఎలుకని తోక పట్టి బయటికి తీసి
పొట్ట మీద బొటనేలు రాసి చూశాడు.
"పాల మీదుంది. ఇంకా ఉండాయి."

ఒక కంటికి ప్లాస్టరు.
రెండో కన్ను తనే మూసుకుని
ముక్కుతో గోడ వెంట పోయాడు.
బియ్యం డ్రమ్ముకీ గ్యాసు బండకీ మధ్య
గుప్పెడు గూడు.
ఏడు. కళ్ళు తెరవలేదు.
నానబెట్టిన చిక్కుడు గింజలంత, పైగా గులాబీ రంగు.
వాటి కింద మెత్తగా పరిచి ఉంది నా కులం కాగితం.
సెల్‌ఫోన్ వెలుగులో
"షెడ్యూ" అని ఒక పేలిక,
"యానా" అని ఒకటి,
తాసిల్దారు సంతకం పొడుగ్గా, తాళ్ళు తాళ్ళుగా.

నాయన గూటిని గూడుగానే చేటలోకి ఎత్తుకుని
జాఫర్‌సాహెబ్ కాలవ వైపు పోయాడు.
ఏం చేశాడో అడగలేదు.
చేతులు కడుక్కుని వచ్చాడు.

ఒక ముక్క మాత్రం వెనక్కి తెచ్చాడు.
గుండ్రటి సీలున్నది, వంకాయ రంగు, సగం.
తొడ మీద పెట్టి అరిచేత్తో మడతలు సాపు చేస్తా
"ఇది చూపిస్తే మళ్ళీ ఇస్తారంటావా?"

ఎలుకని తీసేసినా
బల్ల కింద పచ్చ లైటు కొట్టుకుంటానే ఉంది.
ఆపడం ఎట్టాగో
ఆ ఆరు భాషల్లో ఏదో ఒకదాంట్లో
రాసే ఉంటారు.