చిల్లర

సద్దుల బతుకమ్మను నీళ్ళల్ల విడిచిన మూడోనాడు
నా చూపుడువేలు పక్కన
ఒక నీటిపొక్కు లేస్తది.
ఆవగింజంత.
నాకు క్యాలెండర్ అక్కర్లేదు.

వాన తన సామాను సదురుకొని పోతది,
చలి ఇంకా గడప తొక్కది,
ఆ నడిమిట్ల గాలి
మా డిపో గోడ సున్నం లెక్క
పొడిపొడిగ రాలుతుంటది.
నా తోలు గూడ.

ఉప్పల్ నుంచి మెహిదీపట్నం,
మెహిదీపట్నం నుంచి ఉప్పల్.
బిళ్ళ ఇచ్చేటోళ్ళు నా అరచెయ్యి చూసి
ఇంత పైనుంచే జారవిడుస్తరు.
ఒకామె బస్సంత వినేటట్టు అడిగింది,
"గజ్జా?"
"ఎగ్జిమా" అన్న.
పేరు మారిస్తే ఆమె జరిగిన జానెడు దూరం
తిరిగి రాలేదు.
ఆడోళ్ళకు జీరో టికెట్ వచ్చినంక
చిల్లర సగం తగ్గింది.
సర్కారుకు తెల్వదు గని
అది నా వేళ్ళకు గూడ పథకమే.

డ్రైవర్ భిక్షపతన్న వేపాకు నూరి టిఫిన్ డబ్బాల తెచ్చిండు.
ఆడబిడ్డ వంకాయ బందువెట్టమన్నది.
పై అంతస్తు సలీమా ఖాలా ఊది ఇచ్చిన నూనె
ఇప్పటికీ కిటికీల ఉన్నది, వాసన మంచిగుంటది.
అందరి మాట విన్న.
వేపాకు పూసిన రాత్రి
చెయ్యిని బియ్యం డబ్బాల దాసిపెట్టి ఏడ్సిన.

చర్మం ఓపీల డాక్టరమ్మ
గ్లౌజు లేకుంట నా చెయ్యి పట్టుకున్నది.
మందు పేరు తర్వాత విన్న.

గోరువెచ్చని నీళ్ళే. వేడినీళ్ళు వద్దు,
అవి గారాబం చేసే మేనమామ లెక్క,
ఆ ఘడియకు హాయి, పొద్దుగూకేదాంక గోస.
తువ్వాలతోని రుద్దొద్దు, అద్దుకోవాలె.
తడి ఆరకముందే మలాం.
అప్పడాలకు ఎండ కోసం ఉరికినట్టు
నేను తడి కోసం ఉరుకుత.
ఎర్రగైన కాడ ట్యూబు మందు,
వేలి చివరి కణుపంత, అంతకంటే ఎక్కువ కాదు,
చెప్పినన్ని రోజులు, తగ్గిందని నడిమిట్ల ఆపొద్దు.
అంట్ల సబ్బు ఇప్పుడు మా ఆయన పాలు.
మొదటి వారం మూడు గ్లాసులు పగిలినయి.
నేనేమనలే.

ఒక మాట మాత్రం ఎవ్వరు చెప్పరు:
గోకుడుల సుఖం ఉన్నది.
రాత్రి రెండింటికి, అందరు పండుకున్నంక,
పళ్ళు గట్టిగ పట్టి గోకితే
లోపల ఏదో తలుపు తెరుసుకుంటది.
తెల్లారి దుప్పటి మీద చుక్కలు.
అందుకే బిడ్డ లాస్య
తన పాత స్కూలు సాక్సులు నా చేతులకు తొడిగి
మణికట్టు కాడ రబ్బరుబ్యాండు వెయ్యబోయి,
"గట్టిగ అయితదా అమ్మా?" అని
తీసేస్తది.

నిన్న తార్నాకల ఎక్కిండు ఒక పిల్లగాడు.
ఎండ మండుతున్నా నిండు చేతుల అంగీ.
మోచెయ్యి మడత కాడ గుండీ తోని మెల్లగ రాస్తున్నడు,
ఎవ్వరు చూస్తలేరనుకొని.
ఆ రాసుడు నాకు దూరం నుంచే వినబడ్డది,
ఇంజను మోతల గూడ.
పాస్ చూపెట్టిండు. నేను నా చెయ్యి చూపెట్టిన.
చానాసేపు చూసిండు.
"పోతదా ఆంటీ?"

అబద్ధం నోటిదాంక వచ్చింది.
"పోయినట్టుంటది. మళ్ళ వస్తది.
వచ్చేటప్పుడు ముందుగాల్ల చిన్నగ పిలుస్తది,
గప్పుడే మలాం పుయ్యాలె.
గోర్లు కత్తిరించుకో."
వాడు చేతులు ఎనుకకు పెట్టుకున్నడు,
మళ్ళ ముందుకు తెచ్చిండు.

హబ్సిగూడ, హబ్సిగూడ,
దిగేటోళ్ళు ముందుకు రండ్రి.
ఎవరో రెండు రూపాయల బిళ్ళ అందిచ్చిండ్రు.
ఈసారి చెయ్యి ముడువలే నేను.