గుండుసూదులు

బొమ్మకు ఎన్నడూ ఏ చొక్కా సరిపోలే.
ఈ ముచ్చట పదకొండేండ్లు ఎవ్వరికీ చెప్పలే నేను.
ముందట నిలబడి చూస్తే
కొలిచి కుట్టినట్టే ఉంటది నడుము కాడ.
వెనుకకొచ్చి చూడాలె,
వీపు నిండా గుండుసూదులు,
మిగిలిన గుడ్డను మడిచి గుంజి దాచిన నా వేళ్లు.

కూకట్‌పల్లి మాల్‌ల రెండో అంతస్తు,
ఎస్కలేటర్ ఎక్కంగనే ఎడమ చెయ్యి పక్క.
షాపు పేరు చెప్ప. అది నోరు తిరిగేతందుకే ఆర్నెల్లు పట్టింది.
ఇటలీదో, ఇటలీ లెక్క వినబడేదో.
నా పేరు అండాళు.
బ్యాడ్జీ మీద బాగుండదని ‘ఆండీ’ అని అచ్చేసిండ్రు.
మా అమ్మ ఒక్కసారొచ్చి చూసి
“ఎవరి బిళ్ల పెట్టుకున్నవే” అన్నది.

అప్పట్ల శనివారమైతే ట్రయల్ రూం ముందు లైను.
మొదటి జీతం పోరగాళ్లు
ధరచీటీ తిప్పి చూసి, వదిలేసి, అటు తిరిగొచ్చి
మళ్ల తిప్పి చూసి
గుండె గట్టి చేసుకొని కొనేటోళ్లు.
ప్యాంటు పొడుగైతే సెల్లార్ల మొయినుద్దీన్ భాయ్.
“కంపెనీ కుట్టేది వాళ్ల కాళ్లకు, నేను కోసేది మన కాళ్లకు” అనేటోడు.
ఆ కోసిన ముక్కలతోని వాళ్లింట్ల ఒక బొంత ఉన్నది,
ఏడు బ్రాండ్ల బొంత.

ఎప్పటిసంది తగ్గిందంటే తారీఖు చెప్పలేను.
తొడుక్కుంటరు, అద్దంల ఫోటో దిగుతరు,
చీటీ మీది నల్లగీతలకు ఫోన్ చూపిస్తరు.
“ఆన్‌లైన్ల నాలుగొందలు తక్కువ మేడం” అని
నాకే చెప్తరు, నేనేదో సంబరపడ్తనన్నట్టు.
నవ్వుత. నవ్వుడు డ్యూటీల రాసే ఉన్నది.
ఆ చొక్కానే వాళ్లింటికి మోసేది
మా క్యాష్ కౌంటర్ల కూసున్న ఎల్లేశే కావచ్చు,
వానల తడుసుకుంట
లిఫ్టు వాడొద్దన్న అపార్ట్‌మెంట్ల ఐదంతస్తులెక్కుకుంట.

పక్కన వాచీల షాపు పోయింది.
దాని మీద ‘త్వరలో’ అని ఫ్లెక్సీ.
ఫ్లెక్సీ మీది పిల్ల ఏడాదిన్నర నుంచి అట్లనే నవ్వుతున్నది.
ఎదురుంగ బూట్లది పోయింది.
షట్టర్ కింద కరెంటు బిల్లు, ఒక పెండ్లిపత్రిక,
ఎవరిని పిలిచిండ్రో.
ఎండకాలం మాత్రం జనమే జనం, ఏసీ కోసం.
పైన పాప్‌కార్న్ వాసన కిందికి దిగి
మా చొక్కాలకు పట్టేది.

ముప్పై శాతం అన్నరు. యాభై అన్నరు. డెబ్బై.
అంకె పెద్దగైన కొద్ది మా గొంతు చిన్నగైంది.
ఆఖరి దినం హ్యాంగర్లు గూడ అమ్మినం, డజను అరవై.
ఆ దినమే లచ్చవ్వ వచ్చింది,
తొమ్మిదేండ్లు అద్దాన్ని అవుతలి దిక్కు నుంచి తుడిచిన లచ్చవ్వ.
చెప్పులు బయట ఇడిచి లోపటికొచ్చింది.
మనుమనికి ఒక చొక్కా అన్నది.
సైజు అడిగితే
నడుము కాడ చెయ్యి పెట్టి “గింత” అన్నది.
గింత సైజు మా దగ్గర ఎన్నడు లేకుండె.
పెద్దదే ఇచ్చిన, పెరుగుతడని.

బొమ్మలను బేగంబజారాయన కొన్నడు, ఆరింటికి కలిపి ఒకటే ధర.
ఒక్కొక్క సూది తీసిన.
బట్టలు విప్పంగనే సన్నబడ్డయి,
తాడుతోని కట్టి ట్రాలీ ఆటోల నిలబెట్టిండ్రు.
భరత్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు
ఆరు గుండ్లకు ఎండ తలిగింది,
పెండ్లికి పోతున్నట్టే ఉన్నరు, బరివాతల.

ఆండీని వాపసిచ్చిన.
కుర్చీలు లెక్కవెట్టిండ్రు, అద్దాలు, బల్బులు లెక్కవెట్టిండ్రు,
సూదుల లెక్క ఎవ్వరూ అడగలే.
డబ్బా సంచిల వేసుకున్న.
మెట్రో కుదిపినప్పుడల్ల గలగల.

నా ముందట నిలబడ్డ పిల్ల కుర్తా
వీపు కాడ జర వదులున్నది.
చెయ్యి దానంతటదే లేచింది.
దించుకున్న.