ఇరవై ఏడో ప్రశ్న

గ్దీనియా రేవులో, ఓడలు బాగుచేసే యార్డులో
కొత్త రూలొచ్చింది:
అతుకు బాగుందని సంతకం పెట్టే చెయ్యి
ఇకనించి పట్టా ఉన్న చెయ్యే అయ్యుండాలి.

అందుకని ఆ శనివారం
క్యాంటీన్ బల్లలు ఎడంగా జరిపి
పద్దెనిమిదిమంది కుర్రాళ్ళ మధ్య
బోగుమిల్‌ని కూచోబెట్టాం.
ముప్పై నాలుగేళ్ళ సర్వీసు.
కుడి బొటనవేలికి గోరు లేదు.
పెన్సిల్ని వెల్డింగు కడ్డీలాగే పట్టుకున్నాడు,
కొంచెం వాల్చి,
కాయితం ఎక్కడ అంటుకుంటుందో అన్నట్టు.

కాపలా నేను.
రెండు డిగ్రీలు, ఒకటి జర్మనీది.
రెండూ అద్దాల ఫ్రేముల్లో, హీటర్ పైన గోడకి.
వేడికి ఒకటి కాస్త వంగింది.

ఇరవై ఏడో ప్రశ్న ఒక ఫోటో.
ఇనప రేకు, అతుకు,
అతుకు పక్కన వెంట్రుకంత పగులు.
కారణమేమిటి? కింద నాలుగు సున్నాలు.
ఒకదాన్ని నలుపు చెయ్యాలి.

బోగుమిల్ ఏ సున్నానీ ముట్టుకోలేదు.
మార్జిన్లో చీమల బారులా రాశాడు:

"ఈ ఓడ నాకు తెలుసు. జనవరి.
తూర్పు తలుపు సగం తెరిచుంది, మంచు లోపలికి కొడుతోంది.
కడ్డీలు ఆరబెట్టే పొయ్యికి ఫ్యూజు పోయింది.
ఫోర్‌మన్ ఆగనివ్వలేదు. తడి కడ్డీలతోనే లాగించాం.
సాయంత్రం చూస్తే అతుకు
నున్నగా దువ్విన పాపిడిలా ఉంది.
రాత్రి రెండింటికి పగిలింది.
ఎలా తెలుసంటే, ఆఖరి బస్సు తప్పి
నేనక్కడే పడుకున్నాను.
టిక్ మంది."

పేపర్లు దిద్దేది మిషను.
దానికి మార్జిన్ కనపడదు.
ఇరవై ఏడు: సున్నా.
ఒక్క మార్కుతో పోయాడు.

నా చేతిలోనూ పెన్సిలుంది. అదే నంబరుది.
అబద్ధమెందుకు, కాయితం దాకా వెళ్ళింది.
ఆగింది నీతికి కాదు,
అతను రాసింది ఇంకోసారి చదవాలనిపించి.

సోమవారం డ్రై డాక్ మెట్ల మీద పట్టుకుని చెప్పాను:
జవాబు హైడ్రోజన్.
కడ్డీలోని తేమ నిప్పుకి విడిపోతుంది.
అన్నిట్లోకీ చిన్నది, కాగిన ఇనుములో దూరి,
చల్లారాక, గంటల తరబడి, మెల్లిగా
సందు వెతుక్కుంటుంది...

అతను టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.
"ఇన్నేళ్ళుగా నన్ను నిద్ర లేపుతున్నవాడికి
ఓ పేరుందని ఒక్కరూ చెప్పలేదేం?"
కోపమో సంతోషమో తెలీలేదు.
కాసేపాగి,
"బెలూన్లలో నింపేదేనా?"
ఒకప్పుడు నింపేవాళ్ళు, అన్నాను.
పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు.
పద్దెనిమిదేళ్ళకి నా దగ్గర
పోవడానికి మతంటూ ఉంటేగా.
కానీ ఆ పేరుతో నాకు ఆరేళ్ళ పరిచయం,
దాని నడక మీదే నలభై పేజీలు రాశాను,
సమీకరణాలు రెండు వైపులా తూచాను,
అది టిక్ మంటుందని మాత్రం
ఏ పేజీలోనూ లేదు.

మళ్ళీ పరీక్ష మార్చిలో.
ఫీజు తగ్గించమని అడిగాను, కుదరదన్నారు.
అందాకా అతని సంతకం చెల్లదు.
అతను సుత్తితో తట్టి, చెవి ఒగ్గి, తలూపుతాడు;
కింద నేను పెడతాను నాది.
ప్రతిసారీ నా పేరు
అప్పు పత్రం మీద పేరులా కనిపిస్తుంది.

నిన్న రాత్రి మూడో షెడ్డులో
కొత్త అతుకు పక్కన
రెండు బకెట్లు బోర్లించుకుని కూచున్నాం.
ఫ్లాస్కులో బీట్‌రూట్ చారు.
తలుపు సందులోంచి బాల్టిక్ గాలి.
"మాట్లాడకు" అన్నాడు.
రెండయింది. రెండుంపావు.
ఏదో వినపడింది.

అతను నా మణికట్టు కేసి చూశాడు.

వాచీ విప్పి, రుమాల్లో చుట్టి,
కోటు జేబు అడుక్కి తోశాను.
మళ్ళీ మొదలుపెట్టాం, వినడం.