పదకొండు పాయింట్ ఆరు

జీవకోనలో ఆఖరి సందు.
కొండ మొదలయ్యే చోట రోడ్డు ఆగిపోయింది.
కొళాయి పైపు మాత్రం ఇంకో నాలుగు మెట్లెక్కి
కుప్పమ్మ గడప పక్కన నిలబడింది.

"చెంగల్రాయుడు నీళ్ళమ్ముకుంటా ఉండాడు"
అని అర్జీ. కింద పద్దెనిమిది సంతకాలు.
అందుకే వచ్చాను టేపుతో, గేజీతో,
మా నాన్న వయసున్న వాల్వుమనిషి
తలొంచుకుని ముందు నడుస్తుంటే.

ట్యాంకు నుంచి ఆరువందల నలభై మీటర్లు.
నాలుగంగుళాల ఇనప పైపు.
చేతిలో ఉన్న ఎత్తు పన్నెండు మీటర్లు,
అందులో ఒరిపిడికి నాలుగు పోవాలి.
పైపు కొత్తదైతే.

చెంగల్రాయుడు ఏమీ అనలేదు.
మొన్న కోసి తీసిన మూరెడు ముక్కను
గోనెసంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు.
లోపల వేలు పెట్టాను.
కాకరకాయను లోపలికి తిరగేసినట్టు
బుడిపెలు, తుప్పు, ఏళ్ళనాటి సున్నం.

మళ్ళీ లెక్క.
నునుపు నూటనలభై కొట్టేసి ఎనభై వేశాను.
పదకొండు పాయింట్ ఆరు.
పన్నెండులో.
మిగిలింది మూరకు తక్కువ.

బొట్టు కూడా ఎవరూ అమ్ముకోలేదన్నాను.
పోయింది నీళ్ళు కాదు, ఊపు.
గోడల్ని రాసుకుని రాసుకుని
ఎవరి బిందెలోనూ పడకుండా పోయింది.
సంతకాలవాళ్ళు నన్నే చూశారు,
ఆ ఊపు ఎవరింట్లో దాచాడో చెప్పమన్నట్టు.

"నేను ఏలిముద్ర ఎయ్యలా మేడం" అంది కుప్పమ్మ.
"కింద సందులోళ్ళు డ్రమ్ములు నింపుకోని
కొళాయిలు కట్టేసినాక రా, అయిదున్నర దాటినాక.
పైపుకు చెవి పెట్టు. కూత తగ్గతాది.
అప్పుడొస్తాయి.
అందురూ ఒకేతూరి ఉరికితే
యా దోవైనా ఇరుకే గదా."

పారే నీరు సగమైతే నష్టం సగం కాదు,
ఇంచుమించు పావుకు దిగుతుంది.
ఆ పేపరు నేను రెండుసార్లు తప్పాను.
ఆమెకెవరు చెప్పారో.

మర్నాడు, అయిదూ నలభై.
గేజీ ముల్లు వణికి వణికి ఎనిమిదిన్నర దాటింది.
మొదటి చెంబుడు ఎర్రనీళ్ళు
కనకాంబరం మొక్కకు పోసి
ఆమె బిందె పెట్టింది.

పైపు మార్చాలి, ఆరంగుళాలది వెయ్యాలి అని రాశాను.
"చెంగల్రాయుడి తప్పు లేదు" అనడానికి
ఫారంలో గడి లేదు.
మార్జిన్‌లో రాసి సంతకం పెట్టి చూపించబోతే
ఆయన అప్పటికే
వాల్వు తిప్పే కడ్డీ భుజాన వేసుకుని
పక్క సందు మలుపులో ఉన్నాడు.
ఆరైపోతోంది.